పొద్దున స్టార్ట్ చేయగానే బెల్ట్ కీచుమంటోంది, కొత్తది వేసినా పోలేదు (తిరుపతి)

ఎమ్మార్‌పల్లి_కారు · సోమవారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. నాది 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పొద్దున సెల్ఫ్ కొట్టగానే బానెట్ కింద నుంచి కీఈఈ అని ఒకటే అరుపు. పది పదిహేను సెకన్లు అరిచి ఆగుతుంది. తర్వాత ఏసీ, హెడ్‌లైట్లు రెండూ వేస్తే మళ్లీ ఒకసారి అరుస్తుంది. పక్కింట్లో చంటిబిడ్డ ఉంది, నేను ఆరింటికి బండి తీస్తే ఆ అరుపుకు లేచి ఏడుస్తోంది. వాళ్లు ఒక్క మాట అనలేదు కానీ నాకే బాధగా ఉంది.

మూడు వారాల కిందట ఒక షెడ్డులో చూపిస్తే బెల్ట్ అరిగిపోయిందని మార్చారు. వారం బాగుంది, మళ్లీ మొదలైంది. తీసుకెళ్తే ఏదో స్ప్రే కొట్టారు, రెండు రోజులు ఆగింది, ఇప్పుడు ముందుకన్నా ఎక్కువ. మళ్లీ బెల్ట్ మార్చాలంటున్నారు.

అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, బస్సు మెట్లు ఎక్కలేదు. వచ్చే వారం శుక్రవారం ఆమెను కొండకు తీసుకెళ్తానని మాటిచ్చాను. ఘాట్‌లో బెల్ట్ తెగితే ఏమవుతుంది? ఇంకో బెల్ట్ కొనేదా, వేరే ఏమైనా చూడాలా?

కొండ_ట్యాక్సీ · సోమవారం, ఉదయం 9:15

స్వామీ, రోజూ రెండు ట్రిప్పులు కొండకు పోయి వచ్చేవాణ్ణి, చెబుతాను వినండి. బెల్ట్ తెగితే మొదట డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతుంది. దాంతో డైనమో చార్జింగ్ పోయినట్టే. మీ బండిలో వాటర్ పంప్ కూడా అదే బెల్ట్‌తో తిరుగుతుంటే అసలు ప్రమాదం అక్కడ, నీళ్లు తిరగవు కాబట్టి ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది. ఎక్కేటప్పుడు రెండో గేరులో, ఏసీ వేసుకుని, నిండా మనుషులతో, అదీ అలిపిరి నుంచి పైకి 28 నిమిషాలకు తగ్గకుండా పోవాలనే నియమంతో మెల్లగా పోతాం, బండికి తగిలే గాలి తక్కువ. ఇంజిన్ చల్లబడాలంటే పంపే దిక్కు. 1974లో తెరిచిన ఈ ఎక్కే రోడ్డులో పక్కకు తీసి బానెట్ ఎత్తుకుని నిలబడ్డ బండ్లు నాకు వారానికి ఒకటైనా కనబడతాయి, పెద్దవాళ్లు పిట్టగోడ మీద కూర్చుని ఉంటారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అమ్మను తీసుకెళ్లే ముందు ఇది తేల్చుకోండి. అరుపుతోనే పోదాం, ఏమవుతుందిలే అని మాత్రం అనుకోవద్దు.

రేణిగుంట_రెంచి · సోమవారం, ఉదయం 11:02

అన్నా, నాకు రేణిగుంట రోడ్డులో చిన్న షెడ్డు ఉంది, 18 ఏళ్లుగా ఇదే పని. ఒక మాట ముందే చెబుతాను. బెల్ట్ అరుస్తోందంటే బెల్ట్‌దే తప్పని కాదు. బెల్ట్ చుట్టూ తిరిగే నాలుగైదు సామాన్లలో ఏదో ఒకటి దాన్ని జారేట్టు చేస్తోంది, అది పట్టుకోకుండా బెల్ట్ మారుస్తూ పోతే ప్రతి బెల్టూ అరుస్తుంది.

ఇవి చూసి రాయండి. మీ ఇంజిన్‌కు ఒకటే పొడవాటి బెల్టా, ఏసీకి వేరే, డైనమోకు వేరే రెండు బెల్టులా? టెన్షన్ ఇచ్చేది స్ప్రింగు ఉన్న ఆటోమేటిక్ టెన్షనరా, బోల్టు తిప్పి బిగించేదా? బెల్ట్ మీద గానీ పుల్లీల మీద గానీ ఆయిల్, కూలెంట్ మరకలు ఉన్నాయా? బ్యాటరీ ఎన్నేళ్లది? బెల్ట్ వీపు మీద అచ్చేసిన నంబర్ ఏమిటి? ఇంజిన్ ఆపి, తాళం చేతిలో పెట్టుకుని చూడండి. వేడిగా ఉన్న ఇంజిన్‌లో రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగొచ్చు, చెయ్యి దూరంగా ఉంచండి.

పుత్తూరు_బాబాయ్ · సోమవారం, మధ్యాహ్నం 1:20

దీనికింత దూరం ఎందుకు. బట్టల సబ్బు ముక్క తీసుకుని తిరిగే బెల్ట్‌కు ఒక రుద్దు రుద్దితే గమ్మున ఉంటుంది. మా పాత జీపుకు పదేళ్లు అదే చేశాను. కొవ్వొత్తి అయినా సరే.

డిపో_తాత · సోమవారం, మధ్యాహ్నం 2:45

నాయనా బాబాయ్, నీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ మాట పిల్లలు చదివి చేస్తారు కాబట్టి ఊరుకోలేను. తిరిగే బెల్ట్ దగ్గరకు చేత్తో సబ్బు తీసుకుపోకూడదు. నేను బస్సు డిపో వర్క్‌షాపులో 31 ఏళ్లు చేశాను. తుండుగుడ్డ కొస పుల్లీలో చిక్కుకుని రెండు వేళ్లు పోగొట్టుకున్న మనిషి నా పక్క బెంచీలోనే పనిచేసేవాడు. ఇంజిన్ తిరిగేటప్పుడు చెయ్యి గానీ గుడ్డ గానీ అటు పోరాదు, అంతే.

ఇంక సబ్బు, కొవ్వొత్తి, ఆ షెడ్డువాళ్లు కొట్టిన స్ప్రే, అన్నీ ఒకటే జాతి. కొన్ని జిగటగా ఉండి రెండు రోజులు పట్టిస్తాయి, కొన్ని నున్నగా చేసి శబ్దం చంపుతాయి. ఏదైనా సరే మన రోడ్ల దుమ్మును పీల్చుకుని గాడిలో నల్లటి ముద్దలా గట్టిపడుతుంది. పాత జీపులో ఒక్క గాడి ఉన్న లావుపాటి వీ బెల్ట్, అది ఓర్చుకుంది. ఇప్పటి బెల్ట్‌కు నాలుగో ఆరో సన్న గాళ్లు, అందులో ఆ ముద్ద చేరితే బెల్ట్ పుల్లీలో పూర్తిగా కూర్చోదు. స్ప్రే కొట్టినాక అరుపు ఎక్కువైందంటే నాకు ఆశ్చర్యం లేదు.

పుత్తూరు_బాబాయ్ · సోమవారం, మధ్యాహ్నం 3:05

పెద్దాయన చెప్పింది నిజమే. చెయ్యి సంగతి నేను ఆలోచించలేదు. ఎవరూ చేయకండి.

కరకంబాడి_కుర్రాడు · సోమవారం, సాయంత్రం 6:30

మెకానికల్ చదువుతున్నాను, ఆ అరుపు ఎందుకొస్తుందో చెప్తా. బెల్ట్‌కు పట్టు చాలనప్పుడు అది పుల్లీ మీద ఒకేలా జారిపోదు, పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, సెకనుకు వందలసార్లు. ఆ అదురే మనకు కీచుమని వినబడుతుంది. సుద్దముక్క బోర్డు మీద అరిచేది కూడా ఇలాగే. పొద్దున స్టార్ట్ చేయగానే ఎందుకంటే, సెల్ఫ్ కొట్టడంలో పోయిన చార్జిని బ్యాటరీ వెనక్కి లాగుతుంది, డైనమో తిరగడం బరువవుతుంది, బెల్ట్ ఓర్చుకోలేదు. ఏసీ, లైట్లు వేసినప్పుడు కూడా అంతే. కాబట్టి మీది బరువు పడ్డప్పుడు జారడం అని నా అంచనా.

ఇంకో సంగతి. పాత నియోప్రీన్ బెల్టులు అరిగితే అడ్డంగా పగుళ్లు వచ్చేవి, చూడగానే తెలిసేది. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా ఈపీడీఎం రబ్బరు, అవి పగలవు, టైరులా మెల్లగా అరిగిపోతాయి. పైకి నిగనిగలాడుతూ ఉంటాయి, లోపల గాడి లోతు పోయి ఉంటుంది. పగుళ్లు లేవు కదా బాగుంది అనుకోవడానికి లేదు.

చిత్తూరు_టీచరమ్మ · సోమవారం, రాత్రి 9:10

నేను చిత్తూరు నుంచి పూతలపట్టు వైపు రోజూ బడికి డ్రైవ్ చేస్తాను, డీజిల్ బండి. నాకు ఇదే బాధ రెండేళ్ల కిందట. ఏడాదిలో మూడు బెల్టులు మార్పించుకున్నాను, ప్రతిసారీ "అయిపోయింది మేడమ్" అనేవాళ్లు. చివరికి ఒక ముసలి మెకానిక్ బానెట్ తీసి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, పనిముట్టు ఏదీ ముట్టుకోకుండా రెండు నిమిషాలు ఊరికే చూశారు. టెన్షనర్ చెయ్యి గడగడా వణుకుతోంది, అది నిలకడగా ఉండాలట. స్ప్రింగు పోయిందేమో అనుకున్నాను. ఆయన బెల్ట్ తీసి డైనమో పుల్లీని చేత్తో తిప్పారు. మా బండిలో ఆ పుల్లీ లోపల ఒక క్లచ్ ఉంటుంది, ఒకవైపు పట్టుకోవాలి, ఇంకోవైపు వదులుగా తిరగాలి. నాది రెండువైపులా పట్టేసింది. అందువల్ల ఇంజిన్ కొట్టే ప్రతి దెబ్బా బెల్ట్ మీద, టెన్షనర్ మీద పడింది. ఆ పుల్లీ ఒక్కటి మార్చారు, అంతే, ఇప్పటికి 22 వేల కిలోమీటర్లు నిశ్శబ్దం.

మీ బండిలో ఆ పుల్లీ ఉండకపోవచ్చు. ఊరికే చూడమని చెప్పడానికే రాశాను. నాలా చీర కట్టుకుని చూసేవాళ్లు కొంగు గట్టిగా దోపుకోండి, మెడలో ఐడీ కార్డు తాడు ఉంటే తీసేయండి.

ఎమ్మార్‌పల్లి_కారు · మంగళవారం, ఉదయం 7:35

అందరికీ చాలా థాంక్స్, ఇంతమంది రాస్తారనుకోలేదు. పొద్దున్నే చూశాను. రెండు బెల్టులు ఉన్నాయి. ఒకటి ఏసీకి. రెండోది డైనమో, వాటర్ పంప్ కలిపి తిప్పుతోంది, అరిచేది అదే అనిపిస్తోంది. స్టీరింగ్ ఎలక్ట్రిక్. ఆటోమేటిక్ టెన్షనర్ లేదు, డైనమో కింద ఒక బోల్టు, పైన పొడవాటి కంతలో ఒక బోల్టు ఉన్నాయి. బ్యాటరీ నాలుగేళ్లది. ఆయిల్ మరకలు కనబడలేదు. బెల్ట్ వీపు మీద 4పీకే885 అని ఉంది.

రేణిగుంట_రెంచి · మంగళవారం, ఉదయం 9:50

మంచిగా చూశారు. 4 అంటే నాలుగు లైన్లు, పీకే అంటే గాళ్ల కొలత, 885 అంటే మిల్లీమీటర్లలో పొడవు. ఇప్పుడు నీళ్ల పరీక్ష చేయండి. చిన్న స్ప్రే బాటిల్‌లో మంచినీళ్లు పోసుకుని, ఇంజిన్ ఆన్‌లో ఉండగా, అరుపు వచ్చేటప్పుడు, దూరం నుంచి బెల్ట్ గాళ్లు ఉన్న వైపు కొంచెం చల్లండి. డైనమో మీద పోయకండి. అరుపు ఇంకా పెరిగితే టెన్షన్ తక్కువై జారుతున్నట్టు. ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవు అని అర్థం. ఆ రెండోదాని శబ్దం వేరే ఉంటుంది, పొడుగ్గా కీచుమనదు, పిచ్చుకలా కిచ్ కిచ్ కిచ్ అని ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతుంది.

తర్వాత ఇంజిన్ ఆపి, రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో గట్టిగా, సుమారు 10 కిలోల బరువు పడేట్టు నొక్కండి. ఎంత దిగాలన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది, ఆ లెక్కే అసలు లెక్క. ఇలాంటి చిన్న ఇంజిన్లలో మామూలుగా 5 నుంచి 8 మిల్లీమీటర్లు. వేలు లోపలికి పోయిందంటే లూజే. నొక్కేటప్పుడు పై బోల్టు ఆ పొడవాటి కంతలో ఎక్కడుందో కూడా చూడండి.

పలమనేరు_పాలబండి · మంగళవారం, మధ్యాహ్నం 12:15

తెగితే ఏమవుతుందని అడిగారు కదా, నాకు అయింది కాబట్టి రాస్తాను. మొగిలి ఘాట్‌లో, పొద్దున నాలుగున్నరకు, పాల క్యాన్లతో. వారం నుంచి అరుస్తూనే ఉంది, ఆదివారం చూపిద్దాంలే అనుకున్నాను. ఘాట్ మధ్యలో టప్ అని ఒక శబ్దం, అరుపు పూర్తిగా ఆగిపోయింది, హమ్మయ్య అనుకున్నాను. ఎర్ర బ్యాటరీ లైట్ వెలిగింది, బ్యాటరీ కదా, ఊరు చేరాక చూద్దాం అని ఇంకో మూడు కిలోమీటర్లు లాగాను. అదే నేను చేసిన తప్పు. ముల్లు చివరికంటా పోయింది, బానెట్ లోంచి ఆవిరి, హెడ్ ప్యాకింగ్ పోయింది. బెల్ట్ ఖరీదుకు ఎన్నో రెట్లు ఖర్చు, అది కాక పాలు విరిగిపోయి ఆ రోజు రైతులకు నేను జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

బ్యాటరీ లైట్ వెలగ్గానే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. ఎంత తొందరున్నా సరే. వేడి దిగేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, పొంగి మొహం కాలుతుంది.

తిరుచానూరు_శీను · మంగళవారం, మధ్యాహ్నం 3:40

ఇంకో కోణం. 2021 నవంబరు వరదల్లో మా వీధిలో మూడు బండ్లు చక్రాల పైదాకా నీళ్లలో ఉండిపోయాయి, నాదీ ఒకటి. ఇంజిన్ ఏం కాలేదు, ఆయిల్ మార్చి వాడుకున్నాను. మూడు నాలుగు నెలల తర్వాత బెల్ట్ దగ్గర గరగర మొదలైంది. బెల్ట్ తీసి ఐడ్లర్ పుల్లీ (బెల్ట్‌కు దారి చూపే ఉత్తి చక్రం) చేత్తో తిప్పితే గుప్పెడు ఇసుక పోసి తిప్పినట్టుంది, బేరింగ్ లోపలికి బురద నీళ్లు పోయి తుప్పు పట్టింది. మీ బండి ఎప్పుడైనా నీళ్లలో ఆగిందా? ఈ నెలలో వానలకు అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలబడుతున్నాయి కూడా.

ఎమ్మార్‌పల్లి_కారు · మంగళవారం, రాత్రి 8:20

నీళ్లలో ఎప్పుడూ ఆగలేదు శీను గారూ.

నీళ్ల పరీక్ష చేశాను. చల్లగానే అరుపు రెట్టింపైంది, మా ఆవిడ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. నొక్కి చూస్తే స్కేలు పెట్టి కొలిచినా 14 మిల్లీమీటర్లు దిగుతోంది. పై బోల్టు ఆ కంతలో చిట్టచివరికి, అంచుకు ఆనుకుని ఉంది. ఇంకా బిగించడానికి చోటే లేదు.

ఇంకొకటి. మీరు నంబర్ అడిగాక గుర్తొచ్చి డిక్కీలో వెతికాను, తీసేసిన పాత బెల్ట్ అక్కడే కవర్‌లో ఉంది. దాని మీద 4పీకే875 అని ఉంది. పది మిల్లీమీటర్లు తేడా. ఇంత చిన్న తేడా పెద్ద విషయమా?

రేణిగుంట_రెంచి · మంగళవారం, రాత్రి 9:05

పెద్ద విషయమే అన్నా, దొరికింది. డైనమో జరగడానికి ఉన్న చోటే కొద్దిగా. పొడవు బెల్ట్ వేస్తే బోల్టును చివరికంటా లాగి ఎలాగో పట్టిస్తారు, మొదటి వారం బాగానే ఉంటుంది. కొత్త బెల్ట్ ఏదైనా కొంచెం తిరిగాక సర్దుకుని లూజవుతుంది, అప్పుడు మళ్లీ బిగించుకోవాలి, మీకేమో బిగించడానికి చోటు లేదు. వారానికే మళ్లీ మొదలైందన్నారు కదా, లెక్క సరిపోయింది. షాపులో సరైన సైజు లేనప్పుడు దగ్గరి సైజు అంటగడతారు, తీసుకునేవాళ్లు పాత బెల్ట్ పక్కన పెట్టి చూసుకోవాలి.

సరైన నంబర్ బెల్ట్ తెచ్చుకోండి. పుల్లీ గాళ్లలో ఆ స్ప్రే ముద్ద ఉంటుంది, గట్టి నైలాన్ బ్రష్‌తో, బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాకే వేయమనండి. అరుపు పోవాలని మరీ బిగించవద్దు. లూజైతే అరుస్తుంది, టైటయితే అరవదు, కానీ డైనమో బేరింగ్, పంప్ బేరింగ్ నోరెత్తకుండా అరిగిపోతాయి.

డిపో_తాత · మంగళవారం, రాత్రి 9:40

ఒక అనుమానం మిగిలింది నాయనా. పొడవు బెల్ట్ వల్ల రెండోసారి అరిచింది, సరే. మొదటి బెల్ట్ సరైన సైజే కదా, అది ఎందుకు అరిచింది? ఆ పాత బెల్ట్‌ను వెలుతురులో తిప్పి గాళ్లు చూడు. నాలుగూ ఒకేలా అరిగాయా, ఒక అంచు ఎక్కువ అరిగిందా? మెరుపు ఎక్కడుంది? పొడి మరకలు ఏవైనా ఉన్నాయా? బెల్ట్ తీసినప్పుడు ఏ పుల్లీకి ఆ పుల్లీ చేత్తో తిప్పి, ముందుకూ వెనక్కూ ఊపి చూడమను. కొత్త బెల్ట్ వేసే ముందు రెండు నిమిషాల పని.

ఎమ్మార్‌పల్లి_కారు · గురువారం, సాయంత్రం 7:15

తాతగారూ, మీరు అడగకపోతే ఇది తెలిసేది కాదు.

పాత బెల్ట్‌ను ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూశాను. ఒక అంచు గాడి మిగతా మూడింటికన్నా లోతు తక్కువ, అద్దంలా మెరుస్తోంది. గాళ్ల మధ్యలో అక్కడక్కడ లేత ఆకుపచ్చ పొడి, గోటితో గీకితే ఉప్పులా రాలింది. మా బండి కూలెంట్ ఆకుపచ్చదే.

ఈ రోజు సెలవు పెట్టి వేరే షెడ్డుకు తీసుకెళ్లి బెల్ట్ తీయించాను. డైనమో పుల్లీ నున్నగా తిరిగింది, ఏ శబ్దమూ లేదు. వాటర్ పంప్ పుల్లీ పట్టుకుని ఊపితే టిక్ టిక్ అని కదిలింది. కొంచెమే, వెంట్రుకవాసి, కానీ చేతికి స్పష్టంగా తెలిసింది. మెకానిక్ అబ్బాయి టార్చ్ వేసి పంప్ కింద చిన్న రంధ్రం చూపించాడు, దాని చుట్టూ అదే ఆకుపచ్చ ఉప్పు, కిందికి సన్నటి చార. లీక్ అయి నేల మీద చుక్క పడిన గుర్తు నాకు ఒక్కరోజూ లేదు. కూలెంట్ డబ్బాలో మాత్రం కింది గీతకు ఇంకా దిగువన ఉంది, అది ఎప్పుడు తగ్గిందో నేను చూడలేదు.

డిపో_తాత · గురువారం, రాత్రి 8:00

అదీ సంగతి. ఆ రంధ్రం ఉండేది అందుకే, లోపల సీల్ పోతే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి రావాలని. చుక్క పడలేదంటే వేడి ఇంజిన్ మీద ఆరిపోయింది, కొంత తిరిగే బెల్ట్ మీద చిమ్మింది. తడిసిన బెల్ట్ జారింది, జారి వేడెక్కి మెరిసింది. పుల్లీ ఊగుతోంది కాబట్టి ఒక అంచు అరిగింది. మొదటి అరుపు పంప్‌ది, రెండో అరుపు పొడవు బెల్ట్‌ది. రెండిటిలో ఒకటే సరిచేసి ఉంటే మళ్లీ ఇక్కడికే వచ్చేవాడివి.

కొండ_ట్యాక్సీ · గురువారం, రాత్రి 8:25

ఇది ఘాట్‌లో బయటపడకుండా ఇంటి దగ్గర బయటపడింది, వెంకన్న దయ. పంప్ మార్చినాక తిన్నగా కొండకు పోకండి. ముందు చంద్రగిరి దాకా ఒకసారి, ఏసీ వేసుకుని పోయి రండి. చల్లారినాక కూలెంట్ ఎంతుందో చూసుకోండి, లోపల గాలి మిగిలి ఉంటే తగ్గుతుంది.

ఎమ్మార్‌పల్లి_కారు · ఆదివారం, ఉదయం 10:30

శనివారం పని అయింది. వాటర్ పంప్, దాని ప్యాకింగ్, 4పీకే875 బెల్ట్, కొత్త కూలెంట్, కూలి, అన్నీ కలిపి 3,900 రూపాయలు. పుల్లీలు బ్రష్‌తో కడిగితే నల్లటి జిగురు ఉండలుగా వచ్చింది. బెల్ట్ నొక్కితే 6 మిల్లీమీటర్లు. పై బోల్టు ఇప్పుడు కంత మధ్యలో ఉంది.

కుర్రాడు డైనమో బరువు గురించి రాశాడు కదా, అందుకని అంతకుముందు, తర్వాత మల్టీమీటర్ పెట్టి చూశాను. ఏసీ, లైట్లు వేసినప్పుడు ముందు బ్యాటరీ దగ్గర 12.9 వోల్టులు వచ్చేది, అరుస్తున్నప్పుడు ఇంకా కిందికి ఊగేది. ఇప్పుడు అన్నీ వేసినా 14.1 దగ్గర నిలబడింది.

చంద్రగిరి వెళ్లి వచ్చాను, ముల్లు కదల్లేదు. చల్లారాక డబ్బాలో వేలెడు తగ్గింది, పోశాను.

కరకంబాడి_కుర్రాడు · ఆదివారం, ఉదయం 11:10

14.1 అంటే బాగుంది అన్నా. నడుస్తున్న ఇంజిన్‌కు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇన్నాళ్లూ బ్యాటరీ సరిగా నిండలేదు, నాలుగేళ్లది కూడా, ఒకసారి షాపులో లోడ్ టెస్ట్ చేయించండి. బలహీనమైన బ్యాటరీ ఉంటే డైనమో మీద బరువు ఎప్పుడూ ఎక్కువే.

చిత్తూరు_టీచరమ్మ · ఆదివారం, మధ్యాహ్నం 12:00

పాత బెల్ట్ డిక్కీలో ఉండటం ఎంత మేలైందో చూడండి. ఇకనుంచి ఏ సామాను మార్చినా పాతది అడిగి తెచ్చుకుంటాను. నేను మార్చిన మూడు బెల్టుల్లో ఒక్కటీ నా దగ్గర లేదు.

ఎమ్మార్‌పల్లి_కారు · శనివారం, ఉదయం 6:50

నిన్న అమ్మను కొండకు తీసుకెళ్లి వచ్చాను. అలిపిరి చెకింగ్ దగ్గర అరగంట ఏసీ వేసుకుని నిలబడ్డాం, ఎండ బాగా ఉంది, నా కళ్లన్నీ ముల్లు మీదే. సగం దగ్గర పెట్టినట్టు నిలబడింది. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర ఒక కుటుంబం బండి ఆగి ఉంటే మేమూ ఆపి, నా దగ్గరున్న నీళ్ల డబ్బా ఇచ్చి, మూత ఇప్పుడే తీయొద్దని చెప్పి, చల్లారేదాకా వాళ్ల పెద్దావిడను మా వెనక సీట్లో కూర్చోబెట్టాం. అమ్మ, ఆవిడ మాటల్లో పడిపోయారు. దర్శనం బాగా అయింది. దిగేటప్పుడు పాత ఘాట్‌లో, 40 నిమిషాల నియమం కదా, అద్దాలు దించుకుని మెల్లగా వచ్చాం, ఇంజిన్ నుంచి ఏ శబ్దమూ లేదు.

ఈ రోజు పొద్దున ఆరింటికి స్టార్ట్ చేశాను. పక్కింటి బిడ్డ లేవలేదు.

రేణిగుంట_రెంచి · శనివారం, ఉదయం 9:20

సంతోషం అన్నా. 500 కిలోమీటర్లు తిరిగాక బెల్ట్ మళ్లీ ఒకసారి నొక్కి చూడండి, కొత్తది సర్దుకుని ఉంటుంది, 8 దాటితే కొంచెం బిగించాలి. ఈసారి చోటుంది. కూలెంట్ వారానికోసారి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఆ 885 బెల్ట్‌ను స్పేర్ అని డిక్కీలో పెట్టుకోవద్దు, పాత 875 కూడా వద్దు, అవసరానికి రెండూ పనికిరావు. కొత్తది ఒకటి కొని పెట్టుకోండి.

నగరి_నాని · శనివారం, మధ్యాహ్నం 1:45

అన్నా, నాది పాత డీజిల్ ఎస్‌యూవీ, హైడ్రాలిక్ స్టీరింగ్. నిలబెట్టి స్టీరింగ్ చివరికంటా తిప్పితేనే అరుస్తుంది, మిగతా టైంలో ఏమీ లేదు. ఇది కూడా బెల్టేనా?

రేణిగుంట_రెంచి · శనివారం, మధ్యాహ్నం 2:30

చివరికంటా తిప్పినప్పుడు స్టీరింగ్ పంప్ మీద బరువు అన్నిటికన్నా ఎక్కువ, ఆ బెల్ట్ లూజుంటే అప్పుడే బయటపడుతుంది. ముందు స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో ఎంతుందో, నురుగు ఉందేమో చూడు తమ్ముడూ, ఆయిల్ తక్కువైతే పంప్ మూలుగుతుంది, అది బెల్ట్ అరుపులా ఉండదు. తర్వాత నీళ్ల పరీక్ష. ఏం వచ్చిందో, బెల్ట్ నంబర్ ఏంటో ఇక్కడే రాయి. చివరికంటా తిప్పి అలాగే పట్టుకుని ఉండొద్దు, పంప్ వేడెక్కుతుంది.